ఉద్దానపు తోటలో ఐదు ప్రశ్నలు



గడచిన వేసవిలో నొకనాడు సొసైటీ సభ ముగిసిన పిమ్మట, లెక్కలు వ్రాయించుకొనుటకై అరుగుమీద కూర్చుండియున్న రైతుల నడుమనుండి పదేండ్ల బాలుడొకడు జీడిమామిడిపండును చేతబట్టుకొని నాయొద్దకు వచ్చెను. “మాస్టారూ, మామిడికి టెంక లోపల ఉంటాది గదా, దీనికి పిక్క బయట ఎందుకుంటాది?” అని యడిగెను. వాని తండ్రి సిగ్గుపడి, “పోరా, పెద్దోళ్ల దగ్గర పిచ్చి ప్రశ్నలు!” అని కసరెను. నేను వారించితిని. ఏలయనగా ఆనాటి సభలో అప్పుల గడువునుగూర్చియు, ఎరువుల ధరనుగూర్చియు అనేకులు అడిగిరి గాని, చెట్టును చూచి పుట్టిన ప్రశ్న అదియొక్కటియే.

అప్పు గడువు తప్పిన వడ్డి పెరుగును. చెట్టు సంగతి తెలియక తప్పిన తోటయే పోవును. కావున ఈ మాసపు పాఠమును ఆ బాలుని ప్రశ్నతో ప్రారంభించి, మన ఉద్దానమున కనులయెదుట నున్నను మనము అడుగని మఱి నాలుగు ప్రశ్నలను దానికి చేర్చి వ్రాయుచున్నాను. ప్రతిదానికిని ఇంటియొద్ద చేసి చూడదగిన పరీక్ష యొకటి చెప్పెదను. చేసి చూచినదే మీకు నిలుచును.

1. పిక్క వెలుపల నేల నుండును?

ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వినినచో నవ్వు వచ్చును. పిక్క వెలుపల లేదు, పండే లేదు! మనము పండని పిలుచుచున్న ఎఱ్ఱని లేక పసుపుపచ్చని రసపు భాగము నిజముగా పండు కాదు, ఉబ్బిన కాడ. పూవునకు క్రింద నుండు తొడిమయే నీరును తీపియు పట్టి అట్లు లావగును. చెట్టుయొక్క అసలైన కాయ, దాని కొననంటి వ్రేలాడు పిక్కయే. మామిడియందు టెంకచుట్టు గుజ్జు పెరుగును. జీడిమామిడియందు కాయకు వెనుక కాడ పెరుగును. రెండును ఒకే కుటుంబపు చెట్లే. సారపప్పు చెట్టు, అంబాళము, గుంపెన, నల్లజీడి, పరదేశపు పిస్తా ఇవియన్నియు ఆ కుటుంబములోనివే.

మాఘమాసమున పిందెలు పడినప్పుడు గుత్తినొకదానిని చూడుడు. ఆకుపచ్చని పిక్క వ్రేలంత పెరిగియుండును, దాని కాడమాత్రము పుల్లవలె సన్నముగా నుండును. పిక్క మొదట తన నిండు పరిమాణమునకు పెరుగును. తరువాత అది గట్టిపడి ఆరుచుండగా, వెనుక కాడ ఉబ్బి రంగు తిరుగును. పూవు నిలిచిననాటినుండి పండు రాలువఱకు సుమారు రెండు మాసములు పట్టును.

ఇందులో రైతునకు గల లాభమేమి? పండు రంగు తిరిగి తనంతట రాలినదనగా, లోపలి పప్పు నిండినదని చెట్టు చెప్పిన సాక్ష్యము. దొంగలకు జడిసియో, తొందరపడియో గెడతో కొట్టి దులిపిన పచ్చికాయలయందు పిక్క పెద్దదిగనే కనబడును గాని పప్పు నిండియుండదు. అట్టివి పది కలిసినను 80 కిలోల బస్తాకు పప్పు తగ్గును, వర్తకుడు ధర తగ్గించును.

పరీక్ష: మీ పిక్కలను రెండు మూడు దినములు బాగుగా ఎండనిచ్చి, దోసెడు తీసి నీళ్ళ బాల్చీలో వేయుడు. నిండినవి మునుగును, తేలికపాటివి తేలును. విత్తనమునకు మునిగినవానినే ఏఱుట మంచిది. గెడతో దులిపినవానిని, రాలినవానిని వేఱువేఱుగా వేసి లెక్కించినచో నా మాట నమ్మవలసిన పనియుండదు.

2. పిక్కలోని నిప్పు ఎవరికొఱకు?

తీపి కాడను చెట్టు ఏల పెంచినది? గబ్బిలములకును, కోతులకును, పక్షులకును అది లంచము. గబ్బిలము రాత్రివేళ పండును కొఱికి తీసికొనిపోయి, దూరపు చెట్టుపై వ్రేలాడి రసము త్రాగి, పిక్కను క్రింద జారవిడుచును. విత్తనము క్రొత్త చోటికి చేరినది. చెట్టు పని నెరవేరినది. అయితే ఆ జంతువు పిక్కనుగూడ కొఱికినచో వంశము నశించును గదా! అందుచేత పిక్కపెంకును చెట్టు కారపు నూనెతో నింపినది.

పెంకునకు రెండు పొరలు గలవు. వాని నడుమ తేనెపట్టువలె గదులు గదులుగా నుండి, ఆ గదులలో జీడినూనె నిండియుండును. అది చర్మమునకు తగిలిన పొక్కును, నల్లబడును. మామిడి సొన తగిలి పెదవి కాలినవారు దాని చిన్న తమ్ముని చవిచూచినట్లే. చాకలివారు పూర్వము బట్టలమీద చెరగని గుర్తులు పెట్టుటకు వాడిన నల్లజీడియందును ఇట్టి రసమే కలదు. జీడిమామిడియను పేరు మన పెద్దలు ఊరక పెట్టలేదు. ఈ చెట్టు వచ్చినప్పుడు, జీడివలె కాల్చు పిక్కయు, మామిడివంటి చుట్టరికమును చూచి పెట్టిన పేరది. చిత్రమేమనగా, 1753 వ సంవత్సరమున స్వీడను దేశపు లిన్నేయసు పండితుడు దీనికి పెట్టిన లాటిను పేరును, అంతకుముందు నల్లజీడికి చెల్లుచుండిన పేరే. ఒకరి నొకరు ఎఱుగని ఇద్దరును ఒకే పోలికను కనుగొనిరి.

ఈ చెట్టు మనది కాదు. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని బ్రెజిలు దేశపు ఈశాన్యతీరము. 16 వ శతాబ్దమున పోర్చుగీసువారు దీనిని మన దేశపు పడమటితీరమునకు తెచ్చిరి. ఇసుకలో బ్రదుకగలది గనుక తూర్పుతీరమునను కుదురుకొనినది. నేడు పలాస-కాశీబుగ్గల పేరు చెప్పినంతనే పప్పు జ్ఞాపకమునకు వచ్చునంతగా మనదైపోయినది.

నూనెను వేడిచేసినప్పుడు దానియందలి ఆమ్లమునుండి బొగ్గుపులుసు వాయువు విడిపోయి, మఱియొక పదార్థముగ మారును. దానినుండి మోటారుబండ్ల బ్రేకులలో వాడు సామగ్రియు, రంగులును, వార్నీషులును తయారగును. మన చేతిని కాల్చునదే లారీని ఆపుటకు సాయపడుచున్నది!

ఇది వినోదము. ఇక హెచ్చరిక. పచ్చిపిక్కను పండ్లతో కొఱుకరాదు; పిల్లలను కొఱుకనీయరాదు. పిక్కలు కొట్టు ఆడవారు బూడిదగాని నూనెగాని చేతులకు పట్టించుకొనుట లోకానుభవమునకు తగిన మంచి పద్ధతి. చేతితొడుగులు అంతకంటె మేలు. నూనె తగిలినచో ముందు పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె రాచి, పిమ్మట సబ్బుతో కడుగవలెను. ఆ చేతితో కన్ను నులుమరాదు. పెంకులను వంటపొయ్యిలో కాల్చుట మానవలెను. వాని పొగయందును ఆ కారము కలదు. ఆ పొగ ఇంటి ఆడవారి కన్నులకును, పసిపిల్లల ఊపిరికిని చెఱుపు చేయును.

3. కొబ్బరిచెట్టునకు జ్ఞాపకశక్తి కలదా?

ఈ ప్రశ్నకు నేను సిగ్గుతో ప్రత్యుత్తరము చెప్పవలసియున్నది.

2018 అక్టోబరు 11 వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు దాపుననున్న తీరమును దాటినది. తిత్లీయనగా సీతాకోకచిలుక. ఆ సీతాకోకచిలుక ఉద్దానమును ఏమి చేసినదో మీకు నేను చెప్పనక్కరలేదు. కొన్ని దినముల తరువాత నేనొక గ్రామమునకు పోగా, వృద్ధరైతొకడు తన తోటలో నిలిచియున్న చెట్లను చూపెను. మట్టలు మెలికలు తిరిగియుండెను. కాయ యొక్కటియు లేదు. “ఎన్నాళ్లు చూడమంటావు నాయనా?” అని అడిగెను. నేను ఆలోచింపకయే, “ఒక్క యేడాది చూడండి తాతగారూ, కాపుకొచ్చేస్తాయి” అంటిని.

ఆయన యేడాది చూచెను. మఱి మూడు నెలలును చూచెను. కాయ అంతంతమాత్రమే. 2020 ఆరంభమున 14 చెట్లు కొట్టించి కలపకు అమ్మివైచెను. ప్రక్కనున్న ఆయన తమ్మునికి కొట్టించుటకు కూలికి డబ్బు లేక తన చెట్లను అట్లే యుంచెను. 2022 వ సంవత్సరమున తమ్ముని చెట్లు గెలలు వేసి నిలిచినవి. వృద్ధుడు నన్ను దూషింపలేదు. “నువ్వు చెప్పిన యేడాది చూశాను నాయనా” అని మాత్రము అనెను. ఆ మాట నన్ను నేటికిని విడువలేదు.

నేను మఱచిన లెక్క ఇది. ఆరోగ్యముగల కొబ్బరిచెట్టు సుమారు నెలకొక క్రొత్త మట్టను విప్పును. ప్రతి మట్ట చంకలోను ఒక పూగుత్తి యుండును. అయితే ఆ పూగుత్తి మనకు కనబడిన దినమున పుట్టినది కాదు. మొవ్వులోపల సూదిమొనయంత మొలక వేసిన తరువాత, పొత్తి పగిలి పూవులు వెలువడుటకు సుమారు 32 మాసములు పట్టును. పూవు కాయయై పండుటకు మఱి 12 మాసములు. వెరసి 44 మాసములు. అనగా మీరు నేడు దింపిన కాయ, మూడేండ్ల ఎనిమిది నెలల క్రిందట మొదలైనది. నడుమ వచ్చిన కఱవును, గాలియు, ఎరువును, నిర్లక్ష్యమును అన్నియు ఆ గెలయందు వ్రాయబడియుండును. 2018 అక్టోబరునకు 44 మాసములు చేర్చి చూడుడు: 2022 జూను వచ్చును. తమ్ముని తోట లెక్క తప్పలేదు. నా లెక్కయే తప్పినది.

కావున గాలికి దెబ్బతిన్న చెట్టును నఱకుటకు ముందు ఒక్క సంగతి చూడవలెను. కొబ్బరికి ఎదుగు స్థానము ఒక్కటే, అది మొవ్వు. మామిడివలె ప్రక్కకొమ్మలు వేయలేదు. మొవ్వు కుళ్ళి, నడిమి ఆకు లాగినంతనే ఊడివచ్చినచో ఆ చెట్టు పోయినదే. దానిపై ఆశ పెట్టుకొనరాదు. మొవ్వు పచ్చగానుండి క్రొత్త ఆకు నిటారుగా వచ్చుచున్నచో, కాయ లేకున్నను చెట్టు బ్రదికియున్నది. దానికి ఎరువు, నీరు ఇచ్చుచు నాలుగేండ్ల ఓపిక పట్టవలెను. ఆ నడుమ చెట్ల సందున అపరాలో కూరలో వేసికొనవచ్చును.

పరీక్ష: సున్నముతో నడిమి ఆకు మొదట గుర్తు పెట్టి, ఆరు నెలల తరువాత ఎన్ని క్రొత్త మట్టలు విప్పినవో లెక్కించుడు. ఆరింటికి దగ్గఱగా నున్నచో చెట్టు బాగున్నది. రెండో మూడో అయినచో దానికి ఆకలిగానున్నదని అర్థము.

4. తేలినీలాపురపు పక్షులు సైబీరియానుండి వచ్చునా?

టెక్కలికి దాపుననున్న తేలినీలాపురమునకు వర్షాకాలపు చివరను గూడబాతులును, ఎఱ్ఱకాళ్ళ కొంగలును గుంపులుగా వచ్చి, చింతచెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ముదిరినప్పుడు పోవును. ఇచ్ఛాపురపు వైపున తేలుకుంచికి నత్తగుల్లకొంగలు తొలకరినాటికే వచ్చును. ఇవి సైబీరియానుండి వేలమైళ్ళు ఎగిరివచ్చుచున్నవని మనవారందరును చెప్పుకొనుచుందురు, పత్రికలయందును వ్రాయుచుందురు. ఆ మాట సరికాదు.

ఎట్లు తెలిసికొనవలెను? ఒక్క ప్రశ్న అడిగిన చాలును: ఇవి గ్రుడ్లు ఎచ్చట పెట్టుచున్నవి? చలికి జడిసి ఉత్తరదేశమునుండి వచ్చు పక్షులు ఇచ్చట తిని, విశ్రమించి, గ్రుడ్లు పెట్టుటకు తమ దేశమునకు తిరిగిపోవును. చిలికాసరస్సునకు వచ్చు చారలతల బాతు అట్టిది. అది హిమాలయములమీదుగా ఎగిరివచ్చును, ఇచ్చట గూడు కట్టదు. తేలినీలాపురపు పక్షులో, మన చింతకొమ్మలపైననే పుట్టుచున్నవి. ఈ మూడు జాతులును దక్షిణ ఆసియా ప్రాంతపువే. నీరు, చేపలు ఉన్న చోటు వెదకుకొనుచు మన దేశములోపలనే తిరుగుచుండును. ఇవి అతిథులు కావు, పురిటికి పుట్టినింటికి వచ్చు మన ఆడపడుచులు.

వీని ముక్కులను చూడుడు. గూడబాతు ముక్కు క్రింద సంచి యొకటి కలదు. పిల్లలు తలను అందులో దూర్చి మేత తినును. ఎఱ్ఱకాళ్ళ కొంగ బురదనీటిలో ముక్కును కొంచెము తెఱచి అటునిటు ఆడించును. చేప తగిలినంతనే, కంటితో చూడకయే, టక్కున మూయును. నత్తగుల్లకొంగ ముక్కు నడుమ సందు కలదు. ఆ సందు పిల్లలకు లేదు, పెరిగిన పక్షులకే యుండును. ఆ సందున నత్తను నొక్కి పగులగొట్టునని తలంచుట పొరపాటు; క్రింది ముక్కుకొనను నత్తమూతసందున జొనిపి, కండను కోసి, మాంసమును వెలికి లాగును. మన వరిమళ్ళలోని నత్తలే దాని ఆహారము. కూలి అడుగని కూలివాడన్నమాట.

ఇందులోని చిక్కు ఇది. సైబీరియా పక్షులని తలంచినచో, చెఱువు ఎండినను, చింతచెట్లు పోయినను, ‘వాని దేశమునకు అవి పోవునులే’ యని ఊరకుందుము. నిజమేమనగా, వీనికి తిరిగిపోవుటకు వేఱొక పుట్టినిల్లు లేదు. గట్టుమీది చింతను నఱకునప్పుడు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. చెట్లక్రింద రాలు రెట్టయందు నత్రజనియు భాస్వరమును మెండుగా గలవు. అయితే పచ్చిది మొక్కను మాడ్చును గనుక పెంటతో కలిపి మాగవేసి వాడుకొనవలెను.

5. సముద్రపు ప్రక్కన తియ్యనీరు ఎట్లు నిలిచినది?

ఇది అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది, అన్నిటికంటె ముఖ్యమైనదియు. కెరటము కనబడు చోట ఇసుకలో చిన్న గొయ్యి త్రవ్వినను త్రాగదగిన నీరు ఊరుట మీరెఱుగుదురు. ప్రక్కనే ఉప్పుసముద్రముండగా ఇదెట్లు?

నేను చదివిన మిషను పాఠశాలలో ఉపాధ్యాయుడొకరు గాజుగ్లాసునందు కోడిగ్రుడ్డును వేసి చూపిరి. మంచినీటిలో అది మునిగెను. పిడికెడు ఉప్పు కలుపగా తేలెను. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. లీటరు మంచినీరు 1,000 గ్రాములు తూగిన, సముద్రపునీరు సుమారు 1,025 గ్రాములు తూగును. కావున మన ఇసుకదిబ్బలలో ఇంకిన వాననీరు, క్రింద నున్న ఉప్పునీటిపై తెప్పవలె తేలుచున్నది. ఇసుకరేణువుల నడుమ గాలి, కెరటము లేవు గనుక రెండును త్వరగా కలియవు.

ఇప్పుడు లెక్క చూడుడు. 41 అడుగుల మంచినీటి స్తంభమును, 40 అడుగుల సముద్రపునీటి స్తంభమును ఒకే బరువు తూగును. 41ని 1,000తో గుణించినను, 40ని 1,025తో గుణించినను 41,000 వచ్చును. అందుచేత బావిలో నీటిమట్టము సముద్రమట్టమునకు ఒక్క అడుగు పైన నున్నచో, దాని క్రింద 40 అడుగుల మేర తియ్యనీరు నిలుచును. దీనిని 1888 ప్రాంతమున డచ్చి ఇంజనీరగు బేడన్ గీబెన్, 1901లో జర్మనుడగు హెర్ట్స్‌బెర్గ్ వేఱువేఱుగా వెల్లడించిరి.

దీని అర్థమేమి? మోటారు పెట్టి తోడి, మట్టమును అర అడుగు తగ్గించితిమేని, క్రిందినుండి ఉప్పునీరు క్రమముగా 20 అడుగులు పైకి ఎక్కును. పైన పోయినది జానెడు. క్రింద పోయినది తాటిచెట్టులో సగము. ఒకసారి ఇసుకలోనికి ఉప్పు ఎక్కినచో అది దిగుటకు ఎన్ని వానకాలములైనను పట్టవచ్చును. తీరపు తోటలలో, ‘నీరు తగ్గినది, ఇంకను లోతుగా దింపుదము’ అనుట గండిపడిన చెఱువునకు మఱియొక గండి కొట్టుటయే. అచ్చట లోతు పనికిరాదు, వెడల్పు పనికివచ్చును. ఒక లోతైన గొట్టపుబావికంటె, దూరదూరముగా నున్న లోతుతక్కువ బావులనుండి కొంచెము కొంచెము తోడుకొనుట మేలు. వాన వచ్చినప్పుడు నీటిని సముద్రమునకు పోనీయక గుంటలలో ఆపి ఇంకింపవలెను. కొబ్బరిచెట్టు చుట్టు కందకము తీసి డొక్కలు పఱచి పూడ్చినచో, అవి వాననీటిని పీల్చి పట్టియుంచి, తడుపుల సంఖ్యను తగ్గించును. ఒక్కరు చేసిన చాలదు. ఇసుక క్రింది నీటికి గట్లు లేవు. నా మోటారు మీ బావిని ఉప్పు చేయగలదు. ఋణమునందువలెనే ఇచ్చటను మనము ఒకరికొకరము జామీనుదారులము.

పరీక్ష: గాజుగ్లాసులో సగమువఱకు నౌపడ ఉప్పు కరగించిన నీరు పోయుడు. మఱియొక పాత్రలో మంచినీటికి చిటికెడు పసుపు కలిపి, గరిటె వెనుకభాగముమీదుగా మెల్లగా దానిపై పోయుడు. పసుపునీరు పైనే తేలును. ఇప్పుడు ఆ పైనీటిని నెమ్మదిగా పీల్చి తీసినకొలదిని, ఉప్పునీరు ఎట్లు దగ్గఱకు వచ్చునో చూడుడు. అదియే మీ బావి.

మనవి

వచ్చు సభకు ప్రతి సభ్యుడును మూడు సంగతులు కాగితముమీద వ్రాసి తేవలెనని నా కోరిక: బాల్చీలో తేలిన పిక్కలెన్ని, గుర్తుపెట్టిన కొబ్బరికి విప్పిన మట్టలెన్ని, ముడులు వేసిన త్రాటితో కొలువగా బావిలో నీరు ఎన్ని మూరల లోతున నున్నది. చదువు రానివారు ముడుల త్రాడునే తేవచ్చును. ఒక ఏడాది లెక్కలు ఒకచోట చేరినచో, మన ఇసుకక్రింద ఏమి జరుగుచున్నదో మనకే తెలియును. తప్పులెక్క చెప్పిన నావంటివానిని అచ్చటనే దిద్దవచ్చును.

ఆ బాలుడు అప్పుడే ప్రారంభించినాడు. మొన్న వారి వీధిన పోవుచుండగా బావిత్రాటికి ఎఱ్ఱగుడ్డపీలికలు కట్టియుండుట చూచితిని. ఈసారి వాని తండ్రి కసరలేదు. త్రాడు పట్టుకొని ప్రక్కన నిలిచియుండెను.